కథలో ఒక చోటు, కెమెరాకు ఒక చోటు: స్కేటింగ్ సినిమాల లొకేషన్లపై ఒక సమీక్ష

సినిమా ఎక్కడ తీశారని అడిగితే ఊరూ వీధీ చెప్పి ఊరుకోవచ్చు. చాలా సినిమాలకు అంతకు మించి అవసరం పడదు. చక్రాల బూట్ల చుట్టూ అల్లిన కొన్ని సినిమాలు, ముఖ్యంగా 1980లో వచ్చిన ‘జానడూ’, ఈ చిన్న ప్రశ్నను పెద్ద చర్చగా మార్చాయి. ఆ సినిమాలో కనిపించే నైట్‌క్లబ్ ఎక్కడుందని వెతుక్కుంటూ వెళ్తే లాస్ ఏంజెలెస్‌లో ఒక పార్కు చూపిస్తారు. క్లబ్బు లోపలి భాగం సంగతి అడిగితే హాలీవుడ్‌లోని ఒక స్టూడియో ఫ్లోరు పేరు చెబుతారు. ఆ కట్టడం ముఖభాగం కళ్లారా చూడాలంటే డిస్నీ పార్కు గేటు దగ్గరికి వెళ్లమంటారు. మూడూ నిజమే. వీటిలో అసలు లొకేషన్ ఏదన్న దగ్గరే అభిప్రాయాలు చీలిపోయాయి.

చిరునామాలు పట్టుకునే సినీ అభిమానులు, స్టూడియోల లెక్కలు తెలిసిన సినీ చరిత్రకారులు, పాత కట్టడాల పరిరక్షకులు, స్కేటింగ్ చేసే సమాజాల చరిత్ర రాసేవాళ్లు ఈ చర్చలో పాలుపంచుకుంటున్నారు. ఎవరి దగ్గర ఉన్న ఆధారాలు వారివి. అవి ఒకదాన్నొకటి కాదనవు కూడా. చిక్కంతా ఈ నాలుగు వర్గాలూ వేరువేరు వస్తువులను వెతుకుతూ, దొరికినదాన్నే మొత్తం జవాబుగా చెప్పడంలో ఉంది. చర్చ చరిత్రనూ, ప్రధాన వాదాలనూ, ఇంకా తేలకుండా మిగిలిన అంశాలనూ ఒక వరుసలో పెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం.

చక్రాలు వీధికెక్కిన కాలం

ఒంటిని ఒక పక్కకు వంచితే అటే మలుపు తిరిగే నాలుగు చక్రాల స్కేట్‌ను న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ 1863లో రూపొందించాడు. అంతకుముందు స్కేట్లు నేరుగా వెళ్లడానికే తప్ప తిరగడానికి అంతగా పనికొచ్చేవి కావు. మలుపు సాధ్యమయ్యాక నలుగురూ ఒకే హాలులో గుండ్రంగా తిరిగే వినోదం పుట్టింది. పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా అమెరికా పట్టణాల్లో రింకులు వెలిశాయి. 1935లో షికాగోలో లియో సెల్ట్‌జర్ మొదలుపెట్టిన ‘రోలర్ డెర్బీ’తో స్కేటింగ్ టికెట్టు కొనుక్కుని చూసే ఆటగా కూడా మారింది.

అయినా స్కేటింగ్ చాలాకాలం నాలుగు గోడల మధ్యే ఉండిపోయింది. చెక్క, లోహం, మట్టి మిశ్రమాలతో చేసిన చక్రాలు నున్నటి గచ్చు మీద తిరిగినట్టు వీధిలో తిరగవు. చిన్న రాయి తగిలినా ఆగిపోతాయి, కాళ్లు అదురుతాయి. 1970లలో స్కేట్‌బోర్డుల కోసం వచ్చిన పాలీయూరెథేన్ చక్రాలు ఈ ఇబ్బందిని తీర్చాయి. నేలను పట్టుకుంటూ, చిన్న ఎగుడుదిగుళ్లను మింగేస్తూ, చప్పుడు తక్కువగా తిరిగే ఆ చక్రాలతో కాలిఫోర్నియా తీరంలోని వెనిస్ బీచ్ బాట మీదికి స్కేటర్లు వచ్చేశారు. అదే కాలంలో బ్రూక్లిన్‌లోని ఎంపైర్ రోలర్‌డ్రోమ్‌లో, ఎక్కువగా నల్లజాతి యువతీయువకుల మధ్య, సంగీతం లయకు తగ్గట్టు అడుగులు వేసే రోలర్ డిస్కో రూపు దిద్దుకుంది. తీరపు వీధి, డిస్కో హాలు అనే రెండు పాయలు కలిసిన చోట హాలీవుడ్‌కు కొత్త సరుకు దొరికింది.

1979 అక్టోబరులో ‘స్కేట్‌టౌన్ యు.ఎస్.ఎ.’, డిసెంబరులో ‘రోలర్ బూగీ’, 1980 ఆగస్టులో ‘జానడూ’ విడుదలయ్యాయి. అదే 1979లో పశ్చిమ హాలీవుడ్‌లో తెరిచిన ‘ఫ్లిప్పర్స్’ అనే పేరున్న రోలర్ డిస్కో 1981లోనే మూతపడింది. మోజు ఎంత వేగంగా వచ్చి పోయిందో చెప్పడానికి ఆ రెండు తేదీలు చాలు. ఈ సినిమాల లొకేషన్లకు ఇంత విలువ రావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అవి పట్టుకున్న లోకం రెండు మూడేళ్లకు మించి నిలవలేదు. ఆనాటి హాళ్లు ఒకటొకటిగా మాయమయ్యాక సినిమా ఫ్రేములే సాక్ష్యాలుగా మిగిలాయి.

కేంద్రంలో ఉన్న ఉదాహరణ: ‘జానడూ’, పాన్-పసిఫిక్

రాబర్ట్ గ్రీన్‌వాల్డ్ దర్శకత్వం వహించిన ‘జానడూ’ను మొదట తక్కువ ఖర్చుతో తీసే రోలర్ డిస్కో చిత్రంగా తలపెట్టారు. ఒలీవియా న్యూటన్-జాన్, జీన్ కెల్లీ వంటివారు చేరాక అది దాదాపు 2 కోట్ల డాలర్ల మ్యూజికల్‌గా పెరిగింది. కథ ఇది: సన్నీ అనే యువ చిత్రకారుడికి ఒక గ్రీకు కళాదేవత చక్రాల బూట్లతో ప్రత్యక్షమవుతుంది. ఆమె ప్రేరణతో అతడు, ఒకప్పుడు బిగ్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయించిన డానీ మెక్‌గైర్ కలిసి, పాడుబడిన ఒక ఆడిటోరియాన్ని నైట్‌క్లబ్‌గా మారుస్తారు. కెల్లీ 1944లో ‘కవర్ గర్ల్’లో వేసిన పాత్ర పేరు కూడా డానీ మెక్‌గైరే. పాత హాలీవుడ్‌ను కొత్త కాలానికి కలపాలన్న కోరిక ఆ పేరులోనే కనిపిస్తుంది.

తెరమీద పాడుబడినట్టు కనిపించే ఆ ఆడిటోరియం నిజంగానే పాడుబడి ఉంది. బెవర్లీ బులవార్డ్ మీద, ఫార్మర్స్ మార్కెట్‌కు దగ్గరలో, 1935 మే 18న తెరిచిన పాన్-పసిఫిక్ ఆడిటోరియం అది. వాల్టర్ వర్డ్‌మన్, వెల్టన్ బెకెట్ రూపకల్పనలో పాలుపంచుకున్న ఈ కట్టడం స్ట్రీమ్‌లైన్ మోడర్న్ శైలికి పేరుపడ్డ నమూనా. లేత ఆకుపచ్చ రంగు, గుండ్రంగా మలిచిన అంచులు, విమానం తోకరెక్కల్లా పైకి లేచిన నాలుగు బురుజులు, వాటి మీద జెండా కర్రలు దాని ఆనవాళ్లు. వెనకాల దాదాపు లక్ష చదరపు అడుగుల హాలు. అక్కడ ఐస్ హాకీ ఆడారు, ఐస్ కేపేడ్స్ ప్రదర్శనలు జరిగాయి. 1952లో ఐసన్‌హోవర్ ఎన్నికల ప్రసంగం చేశాడు, 1957లో ఎల్విస్ ప్రెస్లీ పాడాడు. 1971లో నగరానికి కొత్త కన్వెన్షన్ సెంటర్ వచ్చింది. మరుసటి ఏడే పాన్-పసిఫిక్ తలుపులు మూసుకున్నాయి.

1978లో ఈ కట్టడానికి అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చోటు దొరికింది. 1979లో సినిమావాళ్లు వచ్చి దాని ముఖభాగాన్ని చిత్రీకరించారు. లోపలి భాగం వాడుకోలేదు. పతాక సన్నివేశంలో స్కేటర్లు గుండ్రంగా తిరిగే ఆ మూడంతస్తుల మెరుపుల క్లబ్బును హాలీవుడ్‌లో లాస్ పాల్మాస్ అవెన్యూలోని ఒక స్టూడియోలో, నాలుగో ఫ్లోరులో సెట్‌గా వేశారు. సన్నీ, డానీ తమ తమ కలల్లోని సంగీతాలను ఊహించుకునే పాటలో 1940ల నాటి బ్యాండు, ‘ట్యూబ్స్’ అనే రాక్ బృందం ఒకే వేదిక మీదికి జరుగుతూ వచ్చి కలిసిపోతాయి. అంతటి కదలికను పాత హాలులో కాకుండా అదుపులో ఉన్న చోట తీయాలనుకోవడం సహజమే. డానీకి కొత్త దుస్తులు కొనే పాటను మాత్రం బెవర్లీ హిల్స్‌లోని ఫియొరూచి అనే ఫ్యాషన్ దుకాణంలో తీశారు. అది ఆ రోజుల్లో నిజంగా నడుస్తున్న దుకాణం.

సినిమాలో ఆ ఆడిటోరియానికి ప్రాణం లేచివచ్చింది. బయట అలా జరగలేదు. పునరుద్ధరణ పథకాలు వచ్చిపోతుండగానే కట్టడం శిథిలమవుతూ వచ్చింది. 1989 మే 24న మంటలంటుకుని పూర్తిగా కాలిపోయింది. ఆ స్థలం ఇప్పుడు పాన్ పసిఫిక్ పార్కులో భాగం. 2002లో కట్టిన వినోద కేంద్రానికి పాత బురుజును తలపించే చిన్న నమూనా ఒకటి అమర్చారు. ఫ్లోరిడాలో డిస్నీ-ఎంజీఎం స్టూడియోస్ పార్కు తెరిచింది 1989 మే 1న. దాని ప్రవేశద్వారం పాన్-పసిఫిక్‌కు అనుకరణ. అసలు కట్టడం కాలిపోవడానికి సరిగ్గా 23 రోజుల ముందే నకలు జనం ముందుకొచ్చిందన్నమాట. 2012లో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో ఉన్న డిస్నీ పార్కుకూ అదే రూపు ఇచ్చారు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులెందరో ఆ గేటు ముందు ఫొటో దిగి ఉంటారు. వారిలో ఆ బురుజుల చరిత్ర విన్నవారు తక్కువే.

పోలికకు మరో నాలుగు సినిమాలు

ఒక్క ‘జానడూ’తోనే ఆగితే దాని విచిత్రమే సూత్రంలా కనిపిస్తుంది. అందుకే వేరే తీరులో సాగిన నాలుగు సినిమాలను పక్కన పెట్టి చూడాలి.

నార్మన్ జ్యూయిసన్ తీసిన ‘రోలర్‌బాల్’ (1975) కథ భవిష్యత్తులో, 2018లో జరుగుతుంది. కార్పొరేషన్లు లోకాన్ని ఏలుతూ, జనాన్ని మైమరపించడానికి చక్రాల మీద ఆడే ఒక హింసాత్మక ఆటను నడుపుతుంటాయి. జట్టు హ్యూస్టన్‌ది, షూటింగ్ జర్మనీలోని మ్యూనిక్‌లో. 1972 ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ కోసం కట్టిన రూడీ సెడ్ల్‌మయర్ హాలులో వాలు ట్రాకు వేసి పోటీలన్నీ అక్కడే తీశారు. గుండ్రటి ఆకారానికి దగ్గరగా ఉండి, షూటింగ్ కోసం మొత్తంగా దొరికే హాలు కావడంతో దాన్ని ఎంచుకున్నారు. తెరమీద హ్యూస్టన్ అయినా, టోక్యో అయినా హాలు అదే, మార్చింది రంగులూ బోర్డులే. నాలుగు సిలిండర్ల ఆకారంలో అప్పుడే కొత్తగా లేచిన బీఎండబ్ల్యూ ప్రధాన కార్యాలయం సినిమాలో ఎనర్జీ కార్పొరేషన్‌గా మారింది. అమెరికా, సోవియట్ జట్ల మధ్య వివాదాస్పదమైన ఒలింపిక్ ఫైనల్ జరిగిన హాలు కూడా ఇదే.

‘స్కేట్‌టౌన్ యు.ఎస్.ఎ.’ కోసం హాలీవుడ్ పల్లాడియంను రింకుగా మార్చారు. 1940లో బిగ్ బ్యాండుల నాట్యశాలగా తెరిచిన పల్లాడియంలో టామీ డోర్సీ బృందంతో ఫ్రాంక్ సినాట్రా పాడాడు. ‘జానడూ’ కథలో డానీ కలగనే 1940ల నాట్యశాల నిజానికి దాని పోటీ సినిమాలో ఉంది. ఆ సంగతి ఆ సినిమా చూసినవాళ్లలో చాలామందికి తట్టదు. పల్లాడియం ఇప్పటికీ కచేరీలతో నడుస్తోంది.

‘రోలర్ బూగీ’ బలమంతా వెనిస్ బీచ్ వీధుల్లో ఉంది. ఇక్కడ కట్టడం కంటే బాట ముఖ్యం. సముద్రం, తాటిచెట్లు, గోడల మీది రంగులు, ఆగి చూసే జనం కలిసి ఆ లొకేషన్ అయ్యాయి. మరమ్మతు చేయడానికో, జాబితాలో చేర్చడానికో అక్కడ ఒక్క వస్తువంటూ విడిగా లేదు.

డ్రూ బారీమోర్ తొలిసారి దర్శకత్వం వహించిన ‘విప్ ఇట్’ (2009) కథ టెక్సాస్‌లో, ఆస్టిన్ నగరంలోని రోలర్ డెర్బీ జట్ల చుట్టూ తిరుగుతుంది. ఆ కథకు నిజమైన పునాది ఉంది. అమెరికాలో మహిళల రోలర్ డెర్బీ మళ్లీ పుంజుకున్నది 2001 ప్రాంతంలో, ఆస్టిన్‌లోనే. షూటింగ్ మాత్రం ఎక్కువ భాగం మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్, ఆన్ ఆర్బర్, ఇప్సిలాంటీ పరిసరాల్లో సాగింది. 2008 ఏప్రిల్‌లో మిషిగన్ తెచ్చిన చట్టం సినిమా ఖర్చులో 42 శాతం దాకా పన్ను రాయితీగా తిరిగి ఇచ్చేది. ఆ వేసవిలోనే యూనిట్ అక్కడ దిగింది. కొన్ని దృశ్యాలు మాత్రమే ఆస్టిన్‌లో తీశారు. ఆ రాయితీకి 2011లో పరిమితి పెట్టారు, 2015లో పూర్తిగా ఎత్తేశారు.

నాలుగు వాదాలు

*చిరునామా వాదం.* కెమెరా ఎక్కడ నిలబడిందో అదే లొకేషన్ అంటుంది ఈ వాదం. తలుపు నంబరు, వీధి మూల, అదే కోణంలో తీసిన నేటి ఫొటో దీని పద్ధతులు. దీని బలం కచ్చితత్వం. నగరాలు మారిపోయే తీరును ఇంత ఓపికగా నమోదు చేసినవాళ్లు వేరే లేరు. పాన్-పసిఫిక్ ముఖభాగం, ఫియొరూచి దుకాణం, మ్యూనిక్ హాలు వంటివి మామూలు ప్రేక్షకుడి చెవిన పడ్డాయంటే అది వీరి చలవే. బలహీనత కూడా ఆ కచ్చితత్వంలోనే ఉంది. సెట్‌కు చిరునామా చెప్పినా అక్కడ చూడటానికి ఏమీ ఉండదు. కాలిపోయిన కట్టడానికి చిరునామా మిగిలినా కట్టడం మిగలదు. ఒక ఫ్రేముకు ఒక స్థలం అన్న లెక్కతో బయలుదేరితే, ఒకే క్లబ్బు సగం బెవర్లీ బులవార్డ్‌లో, సగం లాస్ పాల్మాస్‌లో ఉండటం అర్థం కాదు.

*నిర్మాణ వాదం.* సినిమాలోని స్థలం దొరికేది కాదు, తయారయ్యేది అంటారు వీరు. ఎక్కడ తీయాలన్నది అందం కంటే ముందు డబ్బు, అనుమతులు, లైట్లు, శబ్దం, నటుల రోజుకూలీ నిర్ణయిస్తాయి. ‘జానడూ’ సెట్ వేసిన స్టూడియోనే 1980లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా కొనుక్కుని, ‘వన్ ఫ్రమ్ ది హార్ట్’ కోసం లాస్ వేగస్ నగరాన్నంతా ఫ్లోర్ల మీద వేయించాడు. ఆ కాలపు హాలీవుడ్‌లో సెట్ అనేది అసలు దొరకనప్పుడు వాడే ప్రత్యామ్నాయం మాత్రమే కాదు, దర్శకులు కోరి ఎంచుకున్న దారి. ఈ వాదం తెలుగు ప్రేక్షకులకు కొత్తేమీ కాదు. ‘ఒక్కడు’ (2003) కోసం కళా దర్శకుడు అశోక్ హైదరాబాద్ శివార్లలో వేయించిన చార్మినార్ సెట్‌ను, అది సెట్ అని తెలిసీ, జనం ప్రేమగా గుర్తుపెట్టుకున్నారు. ‘విప్ ఇట్’ విషయంలో ఈ వాదానిదే పైచేయి. మిషిగన్ పన్ను చట్టం ప్రస్తావన లేకుండా ఆ సినిమా లొకేషన్లను వివరించలేం. ఎటొచ్చీ, ఈ దారిలో చివరిదాకా వెళ్తే ఏ చోటైనా ఒకటేనన్న ముగింపు వస్తుంది. ఆ నాలుగు బురుజులు లేకపోతే ‘జానడూ’ ఉండేదే కాదన్న సంగతి అప్పుడు పక్కకు పోతుంది.

*వారసత్వ వాదం.* సినిమా కంటే కట్టడానిదే పెద్ద జీవితమని పరిరక్షకుల మాట. పాన్-పసిఫిక్‌కు 1935 నుంచి 1972 దాకా సాగిన ప్రజాజీవితంలో ‘జానడూ’ షూటింగ్ ఆఖరున వచ్చిన ఒక చిన్న ఘట్టం. సినిమా లొకేషన్‌గా మాత్రమే గుర్తుపెట్టుకుంటే ముప్పై ఏడేళ్ల ఆటలు, ప్రదర్శనలు, రాజకీయ సభలు చెరిగిపోతాయి. ఈ వాదం మరో చేదు నిజాన్ని కూడా ముందుకు తెస్తుంది. జాతీయ జాబితాలో పేరు ఎక్కడం అంటే రక్షణ కాదు. ఫెడరల్ నిధులు, అనుమతులు అవసరమైన పనులు వచ్చినప్పుడు సమీక్ష జరుగుతుంది. అంతే తప్ప మరమ్మతుకు డబ్బు వస్తుందని గానీ, ఖాళీ కట్టడానికి కాపలా ఉంటుందని గానీ హామీ లేదు. పాన్-పసిఫిక్ పదకొండేళ్లు ఆ జాబితాలో ఉంటూనే బూడిదైంది. ఈ వాదానికీ ఒక గుడ్డిచుక్క ఉంది. శిల్పశైలి ఉన్న కట్టడాలనే అది చూస్తుంది. రేకుల కప్పు, నున్నటి గచ్చు తప్ప మరేమీ లేని పేట రింకు దాని కంటికి ఆనదు.

*సమాజ వాదం.* ఆ గుడ్డిచుక్క దగ్గరే నాలుగో వాదం మొదలవుతుంది. అక్కడ ఎవరు స్కేటింగ్ చేశారు, ఎవరిని రానివ్వలేదు అని ఇది అడుగుతుంది. అమెరికా రింకుల చరిత్ర జాతి వివక్ష చరిత్ర కూడా. షికాగోలో వైట్ సిటీ రోలర్ రింక్ నల్లవారిని లోపలికి రానివ్వకపోవడంతో 1946లో కాంగ్రెస్ ఆఫ్ రేషియల్ ఈక్వాలిటీ సంస్థ అక్కడ నిరసన సాగించింది. 1963లో లెడ్జర్ స్మిత్ అనే స్కేటర్ పౌరహక్కుల సభ కోసం షికాగో నుంచి వాషింగ్టన్‌కు, దాదాపు 1,100 కిలోమీటర్లు, చక్రాల మీదే వెళ్లాడు. రోలర్ డిస్కోను పుట్టించినవాళ్లలో నల్లజాతి స్కేటర్లదే ముందువరస. 1979–80 నాటి హాలీవుడ్ సినిమాల్లో కథ నడిపినవారు మాత్రం తెల్లవారే. 1978 నాటి షికాగో కథతో మాల్కమ్ డి. లీ తీసిన ‘రోల్ బౌన్స్’ (2005) ఈ లోటును కొంత పూడ్చింది. తమ పేటలోని రింకు మూతపడితే ఊరికి అవతల ఉన్న గొప్పింటి రింకుకు వెళ్లే పిల్లల కథ అది. 2018లో వచ్చిన ‘యునైటెడ్ స్కేట్స్’ డాక్యుమెంటరీ లాస్ ఏంజెలెస్‌లోని ‘వరల్డ్ ఆన్ వీల్స్’ వంటి రింకులు మూతపడటాన్ని అక్కడి స్కేటర్ల వైపు నుంచి చూపింది. ఈ వాదంతో వచ్చే ఇబ్బంది వేరు. సినిమాలో కనిపించని చోట్లకే ఎక్కువ విలువ ఇవ్వడం వల్ల, ఫలానా సినిమా ఎక్కడ తీశారన్న మొదటి ప్రశ్నకు జవాబు దాని దగ్గర దొరకదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఐదు సినిమాలనూ ఒకే కొలతలతో చూస్తే తేడాలు ఇలా తేలతాయి.

– ‘జానడూ’: కథ లాస్ ఏంజెలెస్‌లో, చిత్రీకరణ కూడా అక్కడే. బయటి భాగం నిజమైన కట్టడం, లోపలి భాగం సెట్. కట్టడం 1989లో కాలిపోయింది. దాని ముఖభాగం నమూనాలుగా మిగిలింది.

– ‘స్కేట్‌టౌన్ యు.ఎస్.ఎ.’: నాట్యశాలకు రింకు వేషం వేశారు. కట్టడం నిలిచి ఉంది, దాని అసలు పని కచేరీలు. స్కేటింగ్ అక్కడ కొద్ది రోజుల ముచ్చట.

– ‘రోలర్ బూగీ’: వెనిస్ బీచ్ వెనిస్ బీచ్‌గానే కనిపించింది. వీధి ఉంది, దాని చుట్టూ జీవితం మారుతూ ఉంది.

– ‘రోలర్‌బాల్’: కథ అమెరికాలో, చిత్రీకరణ జర్మనీలో. ఒకే హాలు రెండు మూడు నగరాలుగా కనిపించింది. అది ఇప్పటికీ బాస్కెట్‌బాల్ పోటీలతో నడుస్తోంది.

– ‘విప్ ఇట్’: కథకు ప్రాణమైన నగరం ఒకటి, పన్ను రాయితీ ఇచ్చిన రాష్ట్రం ఇంకొకటి. రాయితీ పోయింది. ఆస్టిన్‌లో డెర్బీ కొనసాగింది.

ఈ జాబితాలో ఒక క్రమం కనిపిస్తుంది. కథాస్థలానికీ చిత్రీకరణ స్థలానికీ దూరం ఎంత పెరిగితే కట్టడం అంత నష్టపోతుందని అనుకుంటే అది తప్పని తేలుతుంది. హ్యూస్టన్ వేషం వేసిన మ్యూనిక్ హాలు క్షేమంగా ఉంది. తన ఊళ్లో, తన రూపంలోనే, పైగా తనను బతికించే కథలోనే కనిపించిన పాన్-పసిఫిక్ మిగల్లేదు. తేడా తెచ్చింది రోజూ ఉన్న వాడకం. మ్యూనిక్ హాలుకు, పల్లాడియంకు షూటింగ్ ముందూ తర్వాతా సొంత పని ఉంది, టికెట్టు కొనే జనం ఉన్నారు, దీపాలు వెలిగించే యాజమాన్యం ఉంది. పాన్-పసిఫిక్‌కు 1972 తర్వాత ఆ మూడూ లేవు. సినిమా దానికి తెచ్చిపెట్టింది కీర్తి ఒక్కటే. కీర్తితో కప్పు బాగుపడదు.

ఇంకా తేలని అంశాలు

మొదటిది, సినిమా కట్టడానికి మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది. ‘జానడూ’ లేకపోతే పాన్-పసిఫిక్ పేరు ఇన్ని దేశాల్లో తెలిసేది కాదని ఒక పక్షం. కట్టడాన్ని కలలో బతికించి చూపడం వల్ల నిజమైన పునరుద్ధరణ తొందర తగ్గిందని మరో పక్షం. సినిమా విడుదలైనప్పుడు విమర్శకులు దాన్ని తీవ్రంగా చీల్చి చెండాడారు. తొలి గోల్డెన్ రాస్ప్‌బెరీ ‘అతి చెడ్డ దర్శకుడు’ బహుమానం గ్రీన్‌వాల్డ్‌కే దక్కింది. పాటలు మాత్రం విజయం సాధించాయి, ‘మ్యాజిక్’ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 2007లో బ్రాడ్వే మ్యూజికల్‌గా వచ్చేనాటికి సినిమా మీద ప్రేమ తిరిగి మొలకెత్తింది. అప్పటికి కట్టడం లేదు. ఆదరణ ఇరవై ఏళ్ల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ రుజువు చేయలేరు.

రెండోది, నమూనాల విలువ. పార్కులోని చిన్న బురుజు ఉన్న చోటే ఉండి, జరిగిన నష్టాన్ని గుర్తుచేస్తుంది. డిస్నీ గేట్లు వేరే ఊళ్లలో ఉండి, రూపాన్ని పూర్తిగా చూపుతూ చరిత్రను దాటేస్తాయి. స్థలం ముఖ్యమా, రూపం ముఖ్యమా అన్నది పరిరక్షణ శాస్త్రంలోనే పాత వివాదం. ఇక్కడ అది మరింత చిక్కుపడింది, ఎందుకంటే సినిమా కూడా ముఖభాగాన్నే వాడుకుంది. తెరమీద ఎప్పుడూ ముఖభాగమే అయిన కట్టడానికి ముఖభాగపు నమూనా సరిపోతుందనే వాదన తేలిగ్గా కొట్టేయదగినది కాదు. అయితే 1952లో ఆ హాలు లోపల ప్రసంగం విన్నవాళ్లకు, ఐస్ మీద ఆట చూసినవాళ్లకు ఆ వాదన ఏ సమాధానమూ ఇవ్వదు.

మూడోది, సెట్లను ఎలా గుర్తుపెట్టుకోవాలన్నది. నాలుగో ఫ్లోరులో వేసిన క్లబ్బు షూటింగ్ కాగానే విప్పేశారు. ఒక తరం ప్రేక్షకులకు ‘జానడూ’ అంటే ఆ సెట్టే. డ్రాయింగులు, కొలతలు, స్టిల్స్, పనిచేసిన వడ్రంగుల పేర్లు ఏ మ్యూజియంలో ఉండాలి, ఎవరు సేకరించాలి అన్నదానికి స్థిరమైన ఏర్పాటు లేదు.

నాలుగోది, వీధి లొకేషన్లు. వెనిస్ వంటి చోటును ఏం చేస్తే కాపాడినట్టు? బాట అలాగే ఉండి, అద్దెలు పెరిగి, ఒకప్పటి స్కేటర్లు వెళ్లిపోతే ఆ లొకేషన్ మిగిలినట్టేనా? చిరునామా వాదం మిగిలిందంటుంది, సమాజ వాదం పోయిందంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఏం చేస్తే చర్చ ముందుకు సాగుతుంది

ఈ నాలుగు వాదాల్లో ఒకదాన్ని గెలిపించాల్సిన అవసరం లేదు. ప్రతి సినిమా లొకేషన్‌ను నాలుగు వరుసల్లో నమోదు చేస్తే సగం గందరగోళం పోతుంది. కథ ఎక్కడ జరిగిందన్నది మొదటి వరుస. కెమెరా ఎక్కడ పెట్టారు, అందులో ఏది కట్టడం, ఏది సెట్, ఎందుకు అలా ఎంచుకున్నారన్నది రెండోది. సినిమాకు ముందూ తర్వాతా ఆ చోటు ఏం పని చేసిందన్నది మూడోది. అక్కడ ఎవరు తిరిగారు, ఎవరికి తలుపు మూశారన్నది నాలుగోది. ‘జానడూ’ను ఈ పద్ధతిలో రాస్తే పార్కు, స్టూడియో ఫ్లోరు, డిస్నీ గేటు పోటీపడవు. ఏది దేనికి సాక్ష్యమో తెలుస్తుంది.

అంతకంటే ముఖ్యమైన పాఠం పరిరక్షణ గురించి. స్కేటింగ్ సినిమాల చరిత్ర మొత్తం చూస్తే, కట్టడాలను కాపాడింది వాటి కీర్తి కాదు, జాబితాల్లో చోటూ కాదు. రోజూ తలుపు తెరిచేవాళ్లుండటమే వాటిని కాపాడింది. లాస్ ఏంజెలెస్ పక్కన గ్లెండేల్‌లోని మూన్‌లైట్ రోలర్‌వే 1950ల నుంచి స్కేటర్లతో నడుస్తూ, షూటింగులకూ చోటిస్తూ ఇవాళ్టికీ నిలిచింది. ఆడే జనం ఉండటం వల్లే కెమెరా కూడా అక్కడికి వస్తోంది. పాత సినిమాల్లోని హాళ్లను వెతికేందుకు పెడుతున్న శ్రమలో కొంతైనా, ఇప్పుడు నడుస్తున్న రింకుల కొలతలు, జ్ఞాపకాలు, లెక్కలు సేకరించడానికి మళ్లించాలి. వాటి అద్దెలు, బీమా, భూమి ధరల గురించి నగరపాలక సంస్థలతో మాట్లాడటానికి వెచ్చించాలి. మూతపడిన హాలుకు సినిమా గుర్తింపు తెచ్చినంత మాత్రాన అది మళ్లీ తెరుచుకోదని పాన్-పసిఫిక్ తేల్చిచెప్పింది. తెరిచి ఉన్న హాలును తెరిచే ఉంచడం మాత్రం ఇప్పటికీ చేయగలిగిన పని.